వెనక చక్రాలు

ఆల్టా, మే 4

సిడ్సెల్‌కి,

ఇక్కడ రోడ్ల మీద మంచు పోయింది. మునిసిపాలిటీ వాళ్ళు చలికాలంలో చల్లిన కంకర కూడా ఊడ్చేశారు. నిన్న సాయంత్రం బంగాళాదుంపలు ఉడకబెడుతూ కిటికీలోంచి చూస్తే, ఒక అమ్మాయి చక్రాలున్న రోలర్‌స్కీల మీద పోతోంది. చేతికర్రల మొనలు తారు మీద టక్ టక్‌మంటున్నాయి. ఆ చప్పుడు వింటూ నిలబడిపోయాను. గిన్నె మాడిపోయింది.

ఈరోజు పొద్దున్నే దుకాణానికి వెళ్ళి అడిగాను. జత నాలుగు వేల రెండు వందల క్రోనర్లట. బూటు బిగించే పట్టీలు వేరే కొనుక్కోవాలట. "నాకు కావాల్సింది రెండు కమ్మీలూ నాలుగు చక్రాలూనండీ, పడవ కాదు" అని వచ్చేశాను. మీ బావగారు వెటకారం ఆపలేదు. "అరవై రెండేళ్ళకి చక్రాలు కావాలంటే చెప్పు, చక్రాల కుర్చీ ఆసుపత్రి వాళ్ళే ఉచితంగా ఇస్తారు" అన్నాడు. అర్విద్‌కి మధ్యాహ్నం నిన్నటి మాడిన దుంపలే పెట్టాను.

అసలు సంగతి ఇది. సెప్టెంబరు మొదటి శనివారం ఇక్కడ రోలర్‌స్కీల మీద కొండ రోడ్డు ఎక్కే పోటీ ఉంది. వయసుల వారీగా పెడతారు. పేరిచ్చాను. నీ పేరు కూడా ఇచ్చాను, అడగకుండానే. నలభై రెండేళ్ళయింది మనిద్దరం ఒకే గీత మీద నిలబడి. ఇంకోసారి నిలబడాలని ఉంది నాకు. కాదనకు.

కొనలేను కాబట్టి తయారు చేసుకుంటాను. నాన్న షెడ్డు నీ దగ్గరే ఉంది కదా, ఏమేం ఉన్నాయో చూసి రాయి. అప్పట్లో మనం చేసుకున్న వాటిలో నా పాత జత ఉందా?

రాగ్నా


ఫోల్దల్, మే 13

అక్కా,

నా పేరు ఇచ్చేశావా? చిన్నప్పుడు నా పళ్ళు పీకించడానికి కూడా ఇలాగే ముందే పేరిచ్చి, తర్వాత చెప్పావు. సరే, వస్తాను. రోలర్‌స్కీలు నాకు ఉన్నాయి. ఇప్పటికీ వారానికి రెండు రోజులు గని రోడ్డు మీద తిరుగుతాను.

ఇక నీ సంగతి. వాడినవి కొనాలంటే నవంబరులో కొనాలి. మంచు పడగానే క్లబ్బు పిల్లలంతా పాతవి వదిలించుకుంటారు. మే నెలలో ఎవరూ అమ్మరు. కాబట్టి ఇలా చెయ్యి. అల్యూమినియం గొట్టం కిటికీలు చేసే వాళ్ళ దగ్గర తుక్కులో దొరుకుతుంది. చేతి మందం ఉండక్కర్లేదు, రెండు వేళ్ళ మందం చాలు. బేరింగులు స్కేట్‌బోర్డులవే సరిపోతాయి, చవక. ముందు చక్రాలు వాడినవైనా పరవాలేదు. వెనకవి మాత్రం కొత్తవి కొను. వెనక్కి జారకుండా పట్టే పళ్ళు వాటిలోనే ఉంటాయి, అక్కడ పిసినారితనం చేస్తే కొండ మీద ఏడుస్తావు. బూటు పట్టీలకి బడి బ్యాండు వాళ్ళు పెట్టే పాత సామాన్ల సంతకి పో. అక్కడ పాత స్కీలు కట్టలు కట్టలుగా ఉంటాయి, పట్టీలు విప్పుకుని చెక్క పొయ్యిలో పెట్టుకో. బురద చిమ్మకుండా షాంపూ సీసా కోసి పెట్టు.

మనం చేసినప్పుడు ఇవేవీ లేవు. గని కాంటీన్ ట్రాలీ చక్రాలు నాన్న ఎలా సంపాదించాడో నాకు ఈనాటికీ తెలియదు. ఆ మూడు నెలలూ కాంటీన్ వాళ్ళు సూప్ గిన్నెలు చేతుల్తో మోశారని మాత్రం తెలుసు. వెనక్కి తిరగని పళ్ళు రెండు పాత సైకిళ్ళలోంచి తీశావు నువ్వు. ఒక సైకిల్ పాస్టరుగారిది. ఆయన మూడు వారాలు నడిచి చర్చికి వెళ్తూ, నడక ఆత్మకి మంచిదని ప్రసంగంలో చెప్పాడు.

నీ పాత జత సంగతి మర్చిపో. చెక్క ఎండి పగిలి ఉంటుంది. పాత సామాను మీద ప్రాణం పెట్టుకుంటే మోకాలు విరుగుతుంది.

సిడ్సెల్


ఆల్టా, మే 27

సిడ్సెల్‌కి,

చేశాను. గొట్టం దొరికింది, బేరింగులు దొరికాయి. పట్టీలు సంతలో ఒక ఎర్ర స్కీల జత నుంచి విప్పాను. వెనక చక్రాలు కొత్తవే కొన్నాను, నువ్వు చెప్పినట్టే. రెండు రోజులు వంటింటి బల్ల మీద రంపపు పొడి. అర్విద్ కాఫీలో ఇనుము తగులుతోందని గొణిగాడు.

నిన్న పోస్టాఫీసు ముందు, ఆ చిన్న ఎత్తు దగ్గర ఎక్కి నిలబడ్డాను. కాలు తన్నాను. ముందుకి పోలేదు. ఇంకా గట్టిగా తన్నాను. వెనక్కి పోయాను. మళ్ళీ తన్నితే ఇంకా వెనక్కి పోయాను. వెనక చక్రాలు రెండూ తిప్పి బిగించానని అప్పుడు తెలిసింది. ముందుకి పట్టేస్తాయి, వెనక్కి మాత్రం హాయిగా దొర్లుతాయి. పూలతొట్టిలో కూర్చునే దాకా ఆగలేదు. పోస్టావిడ బయటికొచ్చి తాపీగా అంది: "రాగ్నా, ఉత్తరాలు వెయ్యాలంటే తలుపు ఈ పక్కనుందమ్మా. వీపుతో రావక్కర్లేదు."

ఇరవై ఏళ్ళప్పుడే చెయ్యని తప్పు ఇది. అందుకే నా పాత జత కావాలి నాకు. దాని చెక్క నేను చిత్రిక పట్టాను, నీకు గుర్తుందా? పొడవాటి దూలంలోంచి నాలుగు ముక్కలు కోసి, ఒక్కొక్కటీ పన్నెండు రోజులు గీశాను. నీ జతకి కూడా నేనే చేశాను. ఆ వయసులో నేను బాగా చేసిన పని అదొక్కటే అనిపిస్తుంది.

ఆ పోటీ రోజు ఎందుకో ఈ మధ్య తరచూ గుర్తొస్తోంది. జిల్లా స్కీ రిలే జట్టులో ఒక్క చోటే మిగిలింది, దానికి మనం ఇద్దరం. నాన్న గడియారం పట్టుకుని కొండ మీద నిలబడ్డాడు. ఆ పొద్దున నా కాళ్ళు సీసం పోసినట్టున్నాయి. ఏడు సెకన్లు. అంతకుముందు నువ్వు నన్ను ఒక్కసారీ దాటలేదు, అవసరమైన రోజు దాటావు. నాలో అంత సరుకు లేదని ఆరోజే తేలిపోయింది. తేలింది కాబట్టే వారం తిరక్కుండా ఈ ఉత్తరాదికి బస్సెక్కాను. దాని గురించి బాధ లేదులే. ఎప్పుడో సర్దుకున్నాను.

జత పంపు. చెక్క పగిలితే అతుకుతాను.

రాగ్నా


ఫోల్దల్, జూన్ 9

అక్కా,

పూలతొట్టి కథ చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పక్కింటావిడ వచ్చి ఏమైందని అడిగింది.

దీంతో పాటు పొట్లం పంపుతున్నాను. రెండో నంబరు, అంటే మధ్యరకం వేగంతో తిరిగే వెనక చక్రాలు కొత్తవి రెండు జతలు, ఒకటి నీకు, ఒకటి నాకు. ఒకే రకం వేసుకుంటే మాటలు రావు. ముందు చక్రాలు, బోల్టులు, నాన్న చిన్న స్పానరు కూడా పెట్టాను. నీకు కావాల్సినవన్నీ వీటితో అయిపోతాయి.

నీ పాత జత కోసం వెతికాను. కనబడలేదు. పోయిన ఏడు షెడ్డు సర్దినప్పుడు తుక్కులో పోయి ఉంటుంది. నన్ను తిట్టకు.

సిడ్సెల్


ఆల్టా, జూన్ 18

సిడ్సెల్,

పొట్లం అందింది, థాంక్స్. ఇప్పుడు నా మాట విను.

క్రిస్మస్‌కి నువ్వు పంపిన ఫోటోలో నువ్వు షెడ్డులో నవ్వుతూ నిలబడ్డావు. నీ తల వెనక గోడ మీద, పనిబల్లకి పైన, మేకుకి వేలాడుతున్నాయి నా స్కీలు. ఎర్ర తాడు నేను కట్టిందే. నీకు అబద్ధం చెప్పడం చిన్నప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. అటక మీది జామ్ సీసా కాజేసి తప్పు పిల్లి మీదికి తోసింది నువ్వే కదా.

వాటిని దాచుకోవాలని ఉంటే అలాగే చెప్పు. కాకపోతే పంపు.

రాగ్నా


ఫోల్దల్, జూలై 2

అక్కా,

పంపాను. పొడుగు పెట్టె, లారీలో వస్తుంది.

ఒక్క మాట. వెనక చక్రాలు విప్పకుండా తీసి అవతల పారెయ్యి. నేను పంపిన కొత్తవి బిగించుకో. పాతవి ఎందుకూ పనికిరావు.

చెక్క మాత్రం పగల్లేదు. నువ్వు గీసిన గీతలు అలాగే ఉన్నాయి.

సిడ్సెల్


ఆల్టా, జూలై 14

సిడ్సెల్,

చక్రాలు విప్పాను. విప్పొద్దని రాసి పంపితే విప్పకుండా ఉండే మనిషినా నేను?

ముందు చక్రం వేలితో తిప్పితే నలభై రెండేళ్ళ తర్వాత కూడా తిరిగింది. వెనకవి ఒక్క చుట్టుకే ఆగిపోయాయి. గ్రీజు ఎండిందనుకున్నాను. కడిగాను. అయినా ఆగాయి. మూత తీసి చూస్తే బేరింగుకీ చక్రాన్ని పట్టే ఇనుప కమ్మీకీ మధ్య దట్టంగా అదిమిన ఉన్ని బిళ్ళ, గుండ్రంగా కోసి, ఒత్తి పెట్టింది. రెండో చక్రంలోనూ ఉంది. 

బూడిద రంగు ఉన్ని, అంచున ఎర్ర దారం. నాన్న బూట్ల లోపల పరిచే అట్ట అది. ఆ వారమే దాన్ని ఎలక కొరికిందని నాన్న బోను పెట్టాడు, ఎలక ఇంత గుండ్రంగా కొరుకుతుందా అని అమ్మ అడిగింది. మనందరం నవ్వాం. నువ్వు నవ్వావో లేదో నాకు గుర్తు లేదు.

వెనక చక్రాలు ఎప్పుడూ కాస్త బరువుగానే తిరుగుతాయి కాబట్టి ఆ పొద్దున నాకు తెలియలేదు. కాళ్ళదే తప్పనుకున్నాను.

ఆ బిళ్ళలు నేను పెట్టలేదు. ఎవరు పెట్టారో రాయి.

రాగ్నా


ఫోల్దల్, జూలై 22

అక్కా,

నేనే.

ఆ ముందురోజు మధ్యాహ్నం పెట్టాను. నువ్వు పాలు పోయించుకు రావడానికి వెళ్ళావు. అమ్మ కత్తెరతో కోశాను. మొదటి బిళ్ళ వంకరగా వచ్చింది, మళ్ళీ కోశాను. అంటే ఆగి ఆలోచించుకునే సమయం నాకు ఉంది. ఏదో ఆవేశంలో చేశానని చెప్పలేను.

నీకు తెలియదు, నీ వెనక స్కీ చెయ్యడం ఎలా ఉంటుందో. పదేళ్ళు నీ వీపే చూశాను. నాన్న గడియారం ఎప్పుడూ ముందు నీకు చూపించి, తర్వాత "నువ్వూ బాగానే చేశావులే" అని నా తల నిమిరేవాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ముందు నాకు చూపించాలనుకున్నాను. చూపించాడు. ఏడు సెకన్లు. నేను గడియారం వైపు చూడలేదు, నీ వైపు చూశాను. నువ్వు వచ్చి నన్ను కౌగిలించుకుని "దొంగపిల్లా, ఇన్నాళ్ళూ దాచుకున్నావా ఈ బలం" అన్నావు.

మర్నాడే చెబుదామనుకున్నాను. రేపు, ఎల్లుండి అనుకుంటుంటే నువ్వు బస్సెక్కావు. ఫిబ్రవరిలో జట్టు నాలుగో స్థానంలో వచ్చింది. దానికోసం, అక్కా. మరుసటి ఏడు నేను పేరే ఇవ్వలేదు. మోకాలు నొప్పి అని అందరికీ చెప్పాను.

ఆ స్కీలు విప్పాలంటే చేతులు రాలేదు, పారేయాలంటే మనసు రాలేదు. నువ్వు అడిగినప్పుడు తప్పించుకోవాలని చూశాను. చివరికి నువ్వు పట్టుబట్టాక స్పానరు పట్టుకుని కూర్చున్నాను. అయిదు నిమిషాల పని, తీసేసి పంపితే నీకు ఈ జన్మలో తెలిసేది కాదు. బోల్టు సగం తిప్పాను. మళ్ళీ బిగించాను. నోటితో చెప్పలేనిది అలాగే పెట్టెలో పెట్టి పంపాను. విప్పొద్దని రాస్తే విప్పుతావనీ తెలుసు.

నన్ను నేను ఇన్నేళ్ళూ ఒక మాటతో ఓదార్చుకున్నాను. ఆరోజు నువ్వు గెలిచి ఉంటే ఉత్తరాదికి వెళ్ళేదానివి కాదు, అర్విద్ బావ దొరికేవాడు కాదు, పిల్లలు ఉండేవాళ్ళు కాదు. నిజమే కదా?

పోటీకి రావద్దంటే రాను. నా పేరు కొట్టించెయ్యి.

సిడ్సెల్


ఆల్టా, ఆగస్టు 19

సిడ్సెల్,

నెల రోజులు రాయలేదు. రాయడానికి కూర్చున్నప్పుడల్లా రాసింది పొయ్యిలో పెట్టాను. అవి నువ్వు చదవకపోవడమే మంచిది.

నీ ఉత్తరం అర్విద్‌కి చదివి వినిపించాను. గడ్డం గోక్కుని, "అయితే మన పెళ్ళికి పేరయ్య మీ నాన్న బూటన్నమాట" అన్నాడు. నవ్వొచ్చింది నాకు. అదే మాట నువ్వు రాస్తే మాత్రం ఒళ్ళు మండింది. మీ బావ, పిల్లలు, ఈ ఊరు, ఇవన్నీ నాకు దొరికాయి, నువ్వు ఇచ్చినవి కావు. "అలా జరగడమే మంచిదైందిలే" అనే మాట ఒకటుంది. అది అనే హక్కు ఉంటే నాకుంది. నువ్వు అనకు. ఇంకెప్పుడూ అనకు.

పోటీకి రా. నీ పేరు కొట్టించలేదు. పాత చెక్కకి కొత్త చక్రాలు బిగించాను. చెక్క ఇంకా వంగలేదు. నీ స్కీలకి కూడా అవే చక్రాలు బిగించుకుని రా. బయల్దేరే ముందు రెండు జతల చక్రాలూ నీ ముందు తిప్పుతాను, నీ చేత్తో నువ్వూ తిప్పు. ఆ తర్వాత ఎవరి బలం వాళ్ళది.

నాకు తెలుసుకోవాలని ఉంది. అంతే.

రాగ్నా


ఫోల్దల్, సెప్టెంబరు 11

అక్కా,

క్షేమంగా చేరాను. విమానంలో బావగారు కట్టిచ్చిన ఎండుచేప వాసనకి పక్క సీటాయన రెండుసార్లు సీటు మార్చమని అడిగాడు.

నీ ఇంట్లో మూడు రోజులున్నాను. నువ్వు మంచం వేశావు, వాఫుల్స్ చేశావు, గోధుమరంగు చీజు నాకిష్టమైనట్టు పల్చగా కోశావు, వాతావరణం గురించి మాట్లాడావు. తిడతావని ఎదురుచూశాను. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

గీత దగ్గర చక్రాలన్నీ తిప్పి చూశాక నువ్వన్న మాట మర్చిపోలేకపోతున్నాను. "నీకు ఏ జత కావాలో నువ్వే తీసుకో" అన్నావు. నేను నీ చెక్క వైపు చెయ్యి చాపలేకపోయాను.

సగం కొండ దాకా నీ పక్కనే ఉన్నాను. రోడ్డు పక్కన పశువుల ఇనుపకంచె దాటాక నువ్వు ఒక్కసారి ఊపిరి బిగించి తన్నావు. నాకు తెలుసు ఆ తన్ను, పదేళ్ళు చూశాను. నేను కావాలని తగ్గలేదు, అక్కా. అది మాత్రం నమ్ము. గుండె నోట్లోకొచ్చేదాకా తన్నాను. యాభై మూడు సెకన్లు వెనకపడ్డాను.

పైన నువ్వు కర్రల మీద వాలి నిలబడ్డావు, ముఖం అటు తిప్పుకుని. నేను దగ్గరికి రాలేదు. రావాల్సిందేమో. ఏదో ఒకటి రాయి.

సిడ్సెల్


ఆల్టా, సెప్టెంబరు 22

సిడ్సెల్‌కి,

ఇక్కడ అందరూ అభినందించారు. మన వయసులో ఉన్నది ముగ్గురం, మూడో ఆవిడ మోకాలు పట్టేసి మధ్యలో కూర్చుండిపోయింది. అయినా పేపర్లో పేరు వేశారు. అర్విద్ కోసి ఫ్రిజ్ మీద అంటించాడు.

గెలిస్తే నీ మీద కోపం పోతుందనుకున్నాను. ఎక్కువైంది. ఆ పైన ముఖం తిప్పుకున్నది అందుకే. వేసవి దాకా నేను ఓడిపోయిన మనిషిని, హాయిగా ఉన్నాను. ఇప్పుడు తెలిసిపోయింది, ఆరోజు గెలవాల్సింది నేనే. ఇది తెలిసి ఏం చేసుకోను?

జట్టులో చోటు పోయిందని కాదు. నాలుగో స్థానం ఎవరికి కావాలి? నేను పనిచేసిన ఆసుపత్రిలో హెడ్ నర్సు పదవి ఇస్తామని నన్ను రెండుసార్లు పిలిచారు. రెండుసార్లూ వద్దన్నాను. ఊళ్ళో స్కీ క్లబ్బుకి శిక్షణ ఇవ్వమన్నారు, వద్దన్నాను. నా కూతురు ఓస్లో వెళ్ళి చదువుతానంటే, మనకి అంత సరుకు లేదులే అన్నాను. ఎవరు ఏం అడిగినా ముందు నా కాళ్ళు గుర్తొచ్చేవి, సీసం పోసినట్టున్న ఆ కాళ్ళు. అరవై రెండేళ్ళకి తెలిసింది, వాటికి ఏ జబ్బూ లేదని. నువ్వు నా దగ్గర్నించి తీసుకున్నది అది. నీకు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, నువ్వు కుమిలిపోవాలని కాదు. కుమిలినా పరవాలేదు, కొంచెం.

ఇంకోటి కూడా చెప్పాలి. సగం తిప్పిన బోల్టు మళ్ళీ బిగించి పంపావు. అది చిన్న పని కాదు. నీ స్థానంలో నేనుంటే తీసేసి పంపేదాన్నేమో. కావాలని తగ్గలేదన్నావు, నమ్మాను. నీ ఊపిరి నా వెనక వినబడింది.

అలా జరగడమే మంచిదైందిలే అనే మాట ఇంకా నా నోట రాలేదు. ఒక్కో రోజు నాలుక చివరి దాకా వచ్చి వెనక్కి పోతోంది. అర్విద్ పొద్దున్నే రేడియోతో పాటు తప్పు రాగంలో పాడుతుంటే దగ్గరగా వస్తుంది. వచ్చిన రోజు ముందు నీకే రాస్తాను. రాకుండానే నేను పోవచ్చు కూడా.

అంతదాకా నువ్వు ఉత్తరాలు మానకు.

మీ అక్క